సెప్టెంబరులో మళ్లీ రాస్తాను

సోగత్తూరు,
జూన్ 2006.

సుబ్బరాయప్ప మామకు నమస్కారాలు.

మీ మాట మీద సోమవారం మీ స్నేహితుడి నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగానికి వెళ్లాను. గది బయట అప్పటికే నా పేరు ముందు ‘డాక్టర్’ అని రాయించారు. రష్యాలో వైద్యం చదివి వచ్చినా, ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష తప్పాక ఆ మాట చూడటం అదే మొదటిసారి. సంతోషం వేసింది, దాచను.

మధ్యాహ్నం మాదమ్మాళ్ అనే నిండు గర్భిణిని తెచ్చారు. కాళ్లు వాచి, తలనొప్పితో మూలుగుతోంది. బీపీ చూసి నాకు భయమేసింది. పెద్ద డాక్టరు ఊళ్లో లేరు.

“నువ్వే సూది వెయ్యమ్మా, ఎవురు అడగతారు?” అన్నాడు మీ స్నేహితుడు.

“పరీక్ష పాసు కాకుండా నేను వైద్యం చెయ్యకూడదు. ఈయమ్మను ఇప్పుడే ధర్మపురి పెద్దాసుపత్రికి పిలుచుకొని పోవల్ల” అని చెప్పి, ఆటోలో నేనే వెంట వెళ్లాను. ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

మీ మర్యాద పోయిందని నిన్న ఫోనులో కోప్పడ్డారు. అందుకు బాధగానే ఉంది. కానీ ఆ ఉద్యోగానికి ఇక వెళ్లను. రష్యాలో పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా, అక్కడి రోగులతో మాట్లాడటానికి రష్యన్ నేర్చుకున్నాను. ఈ పరీక్ష అంతకంటే కష్టమా? సెప్టెంబరులో మళ్లీ రాస్తాను.

కోచింగుకు మద్రాసు పోతానంటే నాన్న వద్దంటున్నారు. మీరు చెబితే వింటారు. చెప్పకపోయినా ఆదివారం బస్సెక్కుతాను మామా. చెబితే, నాన్నే వచ్చి ఎక్కిస్తారు.

మీ మేనకోడలు