రెండో చెయ్యి

ప్రియమైన అక్కకి,

‘ప్రియమైన’ అని అలవాటు కొద్దీ రాసేశాను. నువ్వు దాన్ని పట్టించుకోకు.

ఫోన్ చేస్తే అరుస్తాను, అరిస్తే నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

మా ఊళ్లో ఆసుపత్రులు లేక పాపని బస్సెక్కించి మీ ఆసుపత్రికి తీసుకురాలేదు. ఎక్స్‌రే తీసేది సొంత పెద్దమ్మ కదా, పిల్ల బెదిరిపోదని తెచ్చాను. బడిలో బంతాట ఆడుతూ పడింది, మణికట్టు వాచింది. కట్టు కట్టించుకుని సాయంత్రానికి ఇల్లు చేరతామనుకున్నాను. నువ్వు ఫిల్మ్ చూసి లోపలికెళ్లావు. తిరిగొచ్చేటప్పటికి నీ వెనకాల పిల్లల సంరక్షణ అధికారిణి ఉంది. ‘ఇది ఇవాళ విరిగిన ఎముక కాదు. ఎప్పుడో ఎవరో చెయ్యి మెలితిప్పారు. ఇంట్లో ఉన్నది మారుతండ్రి’ అని నా ఎదుటే ఆవిడకి చెప్పావు. అంతకుముందు నన్ను పక్కకి పిలిచి ఒక్క మాట అడగాలని తోచలేదు నీకు. విచారణ తేలేదాకా పాప నీ దగ్గరే ఉండాలని రాయించుకుని, దాన్ని వెంటబెట్టుకుపోయావు.

ఆయన తలుపులు, కిటికీలు చేసుకుని బతికే మనిషి. పిల్ల ఆయన్ని బాబాయ్ అంటుంది. నాకు చెప్పని సంగతులు కూడా ఆయనకి చెబుతుంది. నిన్న అధికారులు ఆయన పని చేసేచోటికే వెళ్లి చేతులు చూపించమన్నారట. పనివాళ్లందరి ముందూ చాచి చూపించాడట. ఇంటికొచ్చి నాతో ఆ ఊసే ఎత్తలేదు. పక్కింటావిడ చెబితే తెలిసింది.

నా కూతుర్ని నాకు పంపు.

ఇంకా నీ చెల్లెలినే

*

ప్రియమైన చెల్లికి,

నీ తిట్లన్నీ చదివాను. ఇప్పుడు నేను చెప్పేది చదువు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. బొటనవేలి వైపున్న ఒకటి చూడ్డానికి పడవలా ఉంటుంది. పాప కుడిచేతిలో ఆ పడవ రెండు ముక్కలుగా ఉంది, మధ్యలో నల్లటి గీత. వాపు ఆ రోజుదే. గీత మాత్రం పాతది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరూ అదే మాటన్నాడు.

నన్నెవరూ కొట్టలేదు పెద్దమ్మా అంటోంది పాప. నవ్వుతోంది కూడా. కొట్టించుకున్నవాళ్లు అలాగే అంటారు, అలాగే నవ్వుతారు. నన్ను నమ్మించకు.

అది బాగానే తింటోంది. నా మంచం మీద అడ్డంగా పడుకుని నన్ను గోడకి అంటించేస్తోంది. ఇంటికెప్పుడని అడుగుతోంది. విచారణ అయ్యేదాకా పంపను. రేపు ఇంకో చెయ్యి విరిగాక కూర్చుని ఏడ్చేకంటే ఇవాళ నీ చేత మాట పడటమే నాకు నయం.

క్షేమం కోరే
అక్క

*

అక్కా,

ఈసారి ‘ప్రియమైన’ లేదు. చూసే ఉంటావు.

నిన్న నన్ను ఆఫీసుకి పిలిపించారు. మీ రెండో భర్త పిల్ల గదిలోకి ఎప్పుడెప్పుడు వెళతాడని అడిగారు. కుర్చీలో కూర్చుని ఆ ప్రశ్నకి జవాబు చెప్పాను. దోమతెర కట్టడానికి వెళతాడన్నాను. రాసుకున్నారు. ఆయన ఒక బడికి తలుపులు బిగిస్తున్నాడు కదా, పిల్లలున్నప్పుడు రావద్దని కబురంపారు. ‘సరే, సెలవుల్లో బిగిస్తాలే’ అన్నాడు. ఆ శాంతం చూస్తే నాకు ఒళ్లు మండుతోంది. ఇద్దరి తరఫునా కోపం నేనొక్కదాన్నే పడాల్సి వస్తోంది. ఆయన ఒక్కటే అడిగాడు: పాప చెయ్యి కింద దిండు పెట్టుకుంటోందా అని.

బావగారు పోయి మూడేళ్లయినా ఆయన పేరెత్తితే జనం చేతులు జోడిస్తారు. అలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినదానివి, నీలో ఇంత విషం ఎక్కణ్ణుంచి వచ్చింది? అందరికీ నీకులా మొదటిసారే మంచివాడు దొరకడు. నాకు రెండోసారి దొరికాడు. అది చూసి ఓర్వలేకపోయావా?

ఒక పని చెయ్యి. పాప రెండో చేతికి కూడా ఎక్స్‌రే తియ్యి. అదీ విరిగుంటే రెండు చేతులూ విరిచాడని రాయించి ఆయన్ని లోపల వేయించు. నీ కడుపు చల్లబడుతుంది.

పాప తల్లి

*

ప్రియమైన చెల్లికి,

వెంటనే జవాబు రాయలేకపోయాను.

నువ్వు కోపంలో అన్నమాటే చేశాను. పాప ఎడమచేతికి ఎక్స్‌రే తీశాను. అందులోనూ పడవ రెండు ముక్కలే. అదే చోట, అదే గీత.

సెలవు నుంచి వచ్చిన ఎముకల పెద్ద డాక్టరుకి రెండు ఫిల్ములూ చూపించాను. ఆయన పక్కపక్కన పెట్టి, ఇది దెబ్బ కాదన్నారు. ఎముక పెరిగేటప్పుడు ఒక్కచోట మొదలవ్వాల్సింది రెండు చోట్ల మొదలై, కలవకుండా ఉండిపోయిందట. ఎక్కడో ఒకరికి అలా ఉంటుందట. విరిగినదైతే రెండు చేతుల్లోనూ ఒకేలా ఉండదు, అంచులు ఇంత నున్నగానూ ఉండవు అన్నారు. పాపకి నొప్పి లేదు, బలం తగ్గలేదు. మొన్న పడ్డప్పుడు బెణికిందంతే. పుట్టుకతోనే దాని చేతులు అలా ఉన్నాయి.

ఆయన సంతకంతో అధికారిణికి రాసిచ్చారు. విచారణ ముగించారు. ఈ ఉత్తరం కంటే ముందే పాప నీ దగ్గరికి వస్తుంది.

తప్పు నాదే. ఎందుకలా చేశావని మాత్రం అడక్కు.

అక్క

*

అక్కా,

పాప వచ్చింది. వస్తూనే బాబాయ్ ఎక్కడని అడిగింది.

అధికారిణి ఫోన్ చేసి ‘అపోహ తొలగిపోయింది’ అంది. ఎవరికి తొలగింది? బడివాళ్లు తలుపులు ఇంకొకడి చేత బిగించుకున్నారు. పనివాళ్లు ఆయన దగ్గర తలొంచుకుని మాట్లాడుతున్నారు. అవన్నీ పోనీ. నిన్న పాప కంచం అందిస్తే ఆయన చేత్తో అందుకోలేదు. బల్ల మీద పెట్టమని సైగ చేశాడు. రోడ్డు దాటేటప్పుడు అది చెయ్యి చాస్తే జేబులో చేతులు పెట్టుకున్నాడు. పిల్ల నా మొహం చూసింది. ఏం చెప్పను దానికి? మీ పెద్దమ్మ ఒక గీత చూసి భయపడిందే, అందుకే మీ బాబాయ్ నీ చెయ్యి పట్టుకోవడం మానేశాడే అని చెప్పనా?

అడక్కు అన్నావు కదా, అడుగుతాను. పుట్టినప్పటి నుంచీ ఎరిగున్న చెల్లెల్ని కాదని, ఒక గీతని ఎందుకు నమ్మావు? జవాబు చెప్పలేకపోతే ఇక రాయకు. నీ గుమ్మం నేను తొక్కను, నా గుమ్మం నువ్వు తొక్కొద్దు.

*

తోడబుట్టినదానికి,

అడిగావు కాబట్టి విను. ఒక్కసారే రాస్తాను.

పెళ్లయిన రెండో ఏడు నాకీ ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు బయల్దేరుతుంటే మీ బావగారు గుమ్మంలో నా కుడిచెయ్యి పట్టుకున్నారు. నా పిడికిట్లో ఉన్న తాళాలు కింద పడేదాకా మెలితిప్పారు. తర్వాత ఆయనే కట్టు కట్టించి, చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ పళ్లు కోసిపెడుతూ, బాత్రూములో జారిపడిందని చెప్పారు. అమ్మకి మాత్రం నేను నిజం చెప్పాను. అమ్మ ఏమందో తెలుసా? ‘మొగుడు చెయ్యి పట్టుకోక ఇంకెవరు పట్టుకుంటారే’ అంది. నువ్వూ వచ్చావు. బాత్రూములో డాన్స్ చేశావా అక్కా అని నవ్వావు. నేనూ నవ్వాను.

పట్టుబట్టి ఉద్యోగంలో చేరాను. ఆయన మళ్లీ అంత గట్టిగా విరవలేదు. ఏ మేరకు నొప్పి పెడితే కట్టు అక్కర్లేదో తెలుసుకున్నారు. ఎందరి చేతులో ఆ ఎక్స్‌రే పలక మీద సర్ది పెట్టాను, నాది ఎప్పుడూ పెట్టలేదు. పాప ఎడమచేతికి ఎక్స్‌రే తీసినరోజు, దాన్ని బయట కూర్చోబెట్టి నా రెండు చేతులూ పెట్టాను.

ఎడమది నిండు పడవ. కుడిదాంట్లో గీత. అంచులు చిరిగిన గుడ్డలా ఉన్నాయి. పెద్ద డాక్టరు చూసి ఇదెవరిదని అడిగారు. నాదన్నాను. “ఇది పుట్టుకతో వచ్చింది కాదమ్మా” అన్నారు. “నాకు తెలుసండీ” అన్నాను.

పాప విషయంలో నేను చేసింది ఘోరం. మరిదిగారిని ఆయన ముందు నిలబడి క్షమించమని అడుగుతాను. నిన్ను అడగను. నీ మీద నాకూ కోపముంది. ఒక్క గీత చూసి నేను ఊరంతా లేపాను. నా చెయ్యి నెలల తరబడి కట్టుతో వేలాడుతుంటే మీలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, అనుమానం రాలేదు. దేవుడిలాంటి బావగారని మొన్న కూడా నాకే చెప్పావు.

ఆ విరుపు ఇన్నేళ్లూ అతుక్కోనే లేదట. తుంటి దగ్గర నుంచి చిన్న ఎముక ముక్క తీసి ఇక్కడ అతుకుతారట. వచ్చే వారం ఆపరేషన్. కొన్నాళ్లు ఒంటిచేత్తో గడపాలి. నిన్ను రమ్మని రాయడం లేదు. నీకు తెలియాలని రాశానంతే.

నీ అక్క

*

మా అక్కకి,

మేం ముగ్గురం శుక్రవారం బస్సుకి వస్తున్నాం. వద్దని రాయకు, రాసినా అది చేరేలోపు మేమే వచ్చేస్తాం.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. తర్వాత, “మీ అక్క ఇంట్లో తలుపుల గడియలు ఒంటిచేత్తో తియ్యడానికి వీలుగా ఉన్నాయా?” అని అడిగి, పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. నువ్వే అడుగు.

నేను నిన్ను క్షమించలేదు. పాపకి, ఆయనకి జరిగినదానికి నీతో గొడవ అలాగే ఉంది. నీ చెయ్యి నయమయ్యాక ఎదురుగా కూర్చుని పడతాను. నువ్వూ నన్ను తిట్టు. ఆ డాన్స్ మాట దగ్గర్నుంచే మొదలుపెట్టు. అమ్మ ఉండి ఉంటే ఇవాళ అమ్మతోనూ పడేదాన్ని.

మీ ముందుగదిలో బావగారి ఫొటో ఉంది కదా. వచ్చిన ప్రతిసారీ నా కొంగుతోనే తుడిచేదాన్ని. ఆపరేషన్ చేయించుకోబోయే చెయ్యి పైకెత్తి నువ్వు దాన్ని దించకు. అలాగే ఉంచు. నేనొచ్చి దించుతాను.

నీ చెల్లి