మూలగని బండి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మొదట నలుగురం అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత చూసి కంగారుపడకు, చేతికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. నువ్వు ఆ కొండమీద వేళకు నిద్రపోతూ, జలుబూ గిలుబూ లేకుండా ఉన్నావని తలుస్తాను.

నా అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయని నువ్వెప్పుడూ నవ్వుతావు. ఈసారి ఇంకా ఘోరంగా ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. నీకు చెప్పాల్సింది ఒకటుంది, కానీ అది ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవు. కాబట్టి ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

నా మోకాలు నా మాట వినదు, దాని మాట నేను వినను. ఇద్దరికీ సరిపోయింది. పాప కాగితం మీద పెద్ద బండి బొమ్మ వేసి అందులో నిన్ను కూర్చోబెట్టింది. బండి చక్రాల కంటే నీ జడే పెద్దదిగా ఉంది. అత్త బండి తోలితే జడ ఎక్కడ పెడుతుందని నన్ను పీకి పాకం పెడుతోంది, నువ్వే జవాబు రాయి. నీ డంపరు సీటుకు కొలతలు పంపావు కదా, గుడ్డ కత్తిరించాను. వీపు దగ్గర స్పాంజి ఇంకో పొర వేస్తున్నాను. ఆ సీట్లు మగవాళ్ళ నడుములకు చేసినవి, నీకు ఎక్కడ ఆనుతాయి? మరమ్మతు షెడ్డులో బండ్ల సీట్లన్నీ కుట్టేదాన్ని, నా కూతురి సీటు కుట్టకపోతే ఎలా?

వదిన ఎలా ఉందని అడిగావు. మొన్నటిదాకా ఏడుపే మానేసి ఉంది. వీధిలో వాళ్ళు కుదుటపడిందన్నారు. గిన్నె కడిగినా చప్పుడు వచ్చేది కాదు, తలుపు వేసినా చప్పుడు వచ్చేది కాదు. నాకు మాత్రం ఆ నెమ్మది నచ్చలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇక నీ బ్రేకు సంగతి. అంతకుముందు ఉత్తరంలో నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. వాలు దిగుతూ పెడల్ నొక్కితే బండి పురిటినొప్పులు పడుతున్నట్టు మూలుగుతోందని, ఫోర్‌మన్‌కు చెబితే "భయమేస్తే చెప్పు, ఆఫీసులో కుర్చీ వేయిస్తాను" అన్నాడని, చుట్టూ ఉన్న డ్రైవర్లు పళ్ళికిలించారని రాశావు. ఆ సైటులో బండెక్కిన ఆడది నువ్వొక్కదానివే. నీ రోషం నాకు తెలియనిదా? అందుకే మొన్న వచ్చిన ఉత్తరంలో "ఇప్పుడు నా బండి పిల్లిలా వస్తోందమ్మా, అన్నయ్య చిట్కా వేశాను, ఇరుసు నూనెలో చప్పుడు తగ్గించే మందు ఇంకో రెండు సీసాలు పోశాను, ఎవరికీ చెప్పకు" అని చూసి పొంగిపోయాను. మీ అన్న, మన పెద్దోడు పోయినా వాడి పనితనం నీ చేతిలో బతికే ఉందనుకున్నాను.

ఎవరికీ చెప్పొద్దన్నావు. కానీ మన షెడ్డు మేస్త్రి పరాయివాడు కాదు కదా, అన్నకూ నీకూ పని నేర్పినవాడు. సూది పక్కన పెట్టి, ఉత్తరం పట్టుకెళ్ళి ఆ ముక్క చదివి వినిపించాను. ఆయన ఒక లోడరు కింద పడుకుని ఎవరినో తిడుతున్నాడు. తిట్టు సగంలో ఆగిపోయింది. బయటికి వచ్చి ఆ ముక్క మళ్ళీ చదవమన్నాడు. చదివాను. చేతులు కడుక్కొచ్చి, నేను కుడుతున్న సీటు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నా ఎదుట కూర్చోవడం నేను చూడలేదు.

"అక్కా, మన పెద్దోడి బండి కూడా చివర్లో ఇలాగే మూలగడం మానేసింది" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. నాకు అర్థమైనట్టు రాస్తాను, తప్పులుంటే నువ్వే దిద్దుకో. మీ బండ్లకు బ్రేకు చక్రం దగ్గర బయట ఉండదట, ఇరుసు లోపల పళ్ళేలు దొంతరగా పేర్చినట్టు నూనెలో మునిగి ఉంటుందట. పెడల్ నొక్కితే ఆ దొంతర బిగుసుకుంటుంది. బిగుసుకునేటప్పుడు కుదుపు రాకుండా నూనెలో కాస్త మందు ఉండాలి, కూరలో ఉప్పులాగా. అది తగ్గితే మూలుగుతుంది. ఒక రకం నూనె బదులు ఇంకో రకం పోసినా మూలుగుతుంది. నీళ్ళు చేరినా, పళ్ళేలు అరిగిపోయినా అదే మూలుగు. ఇంట్లో నలుగురు పిల్లలు ఒకే గొంతుతో ఏడ్చినట్టన్నమాట. ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో చూడకుండా అందరి నోట్లోనూ చక్కెర కుక్కితే ఏడుపు ఆగుతుంది, జ్వరం ఆగుతుందా? మందు మోతాదు మించితే పళ్ళేలు జారుడుగా అయిపోతాయట. చప్పుడు పోతుంది, దాంతోపాటు పట్టూ పోతుంది. ఖాళీ బండికి చదును నేల మీద ఆ తేడా తెలియదు. బరువుతో వాలు దిగేటప్పుడే తెలుస్తుంది.

అన్నయ్య బండి పల్లంలో బోల్తాపడ్డాక దాన్ని మన షెడ్డుకే తెచ్చారు కదా. మేస్త్రి ఇరుసు విప్పితే నూనె పాలు పోసిన టీలాగా ఉందట. అంటే నీళ్ళు చేరి చాలా కాలమైందన్నమాట. పళ్ళేలు అరిగి రేకుల్లా అయ్యాయట. సీటు కింద మందు సీసాలు, అన్నీ ఖాళీవి, దొరికాయట. ఆ సీటు కుట్టింది నేనే, చిట్టితల్లీ.

వానకు జారిందని అందరూ అన్నారు, మనమూ అదే అనుకున్నాం. నీ మొహం చూస్తూ చెప్పలేకపోయాను అక్కా, అన్నాడు మేస్త్రి. ఆయన మీద కోపం రాలేదు. పెద్దోడి మీదే వచ్చింది. పోయిన బిడ్డ మీద కోపమేమిటని సిగ్గేసింది. అయినా తగ్గలేదు. బండి ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే నీవల్లే అంటారు. వాడి భయం అదే. వాడు మనకు ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వు నయం, నాకైనా రాశావు.

ఆ పూట ఇంటికి వచ్చి వదినకు అంతా చెప్పేశాను. దాచి ఎవరిని బాగుచేస్తాను? అది లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలన్నీ ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. చివరికి తోముతున్న గిన్నె వదిలేసి, గట్టిగా, నోరు తెరిచి ఏడ్చింది. ఆయన నాతో కూడా చెప్పలేదు అత్తయ్యా, అని ఒకటే మాట. పాప బెదిరిపోయింది. నాకు మాత్రం ఊపిరి వచ్చినట్టయింది. నిన్నటి నుంచి తింటోంది, నాతో కాస్త పోట్లాడుతోంది కూడా. ఉప్పు ఎక్కువైందట.

మేస్త్రి నీకు రాయమన్నవి ఇవి. ఇరుసు అడుగున ఉండే మర బిరడాను కొంచెం వదులు చేసి నూనె తెల్లటి పళ్ళెంలో పట్టి చూడు. పాలు కలిసినట్టుంటే నీళ్ళు, మాడిన వాసన వస్తే వేడి, వేలికి తళుకులు అంటుకుంటే ఇనుము ఇనుమును తింటోందన్నమాట. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూలిగి వేడెక్కాక మానేసినా సరే, నీలో నువ్వు తీర్పు చెప్పుకోకుండా మెకానిక్‌కు చెప్పు. గరగరా గీరుకుంటున్న చప్పుడైతే అడుగు ముందుకేయకు. ఇరుసు మీద ఊపిరి పీల్చుకునే చిన్న మూత ఉంటుందట. బురదతో అది మూసుకుపోతే బండి కడిగిన నీళ్ళు లోపలికి చేరతాయి. దాన్ని గుడ్డతో తుడువు, నీళ్ళ పైపు దాని మీదికి పట్టకు. దిగేటప్పుడు చిన్న గేరులో దిగు, పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చోకు, పళ్ళేలు కాగిపోతాయి. బండి నడిచిన గంటలు లెక్కచూసి వేళకు నూనె మార్చమను, ఆ బండి పుస్తకంలో ఏ నూనె రాసి ఉంటే అదే పోయమను. ఇవన్నీ నీకు తెలిసినవేనని ఆయనే అన్నాడు. తెలిసినదానికి కూడా రాయమన్నాడు.

ఇప్పుడు నేను దాచిపెట్టిన మాట. నీ కొండకు ఉత్తరం సరుకుల లారీతో పాటే వెళ్తుంది. అంతదాకా ఆగలేకపోయాను. మేస్త్రిని బతిమాలితే నీ సైటు ఆఫీసుకు ఫోను కలిపాడు. ఫోర్‌మనే ఎత్తాడు. నేను ఫలానా అమ్మాయి తల్లిని, ఆ డంపరును ఆపేయండన్నాను. ఆయన నవ్వాడు.

"అమ్మా, మీ అమ్మాయి బండి ఇప్పుడు చప్పుడే చేయడం లేదు."

"అందుకే ఆపమంటున్నాను."

తర్వాత నువ్వు పోసిన మందు సంగతి చెప్పేశాను. నువ్వు నమ్మి రాసింది మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వడం ఆపాడు. ఆపకపోతే నేనే వచ్చి చక్రం ముందు కూర్చుంటాను, నాకు సీట్లు కుట్టడం తప్ప వేరే పనేం లేదన్నాను. మేస్త్రి ఫోను లాక్కుని నూనె సంగతి, పళ్ళేల సంగతి ఆయనకు వివరించాడు. విప్పి చూస్తామని ఫోర్‌మన్ అన్నాడట. చూశారో, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశారో నాకు తెలియదు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి నీ బండి చక్రాలు ఊడి నిలబడి ఉంటే, ఆపించింది మీ అమ్మ. అమ్మతో ఫోను చేయించుకుందని ఆ డ్రైవర్లు నిన్ను ఆటపట్టించే ఉంటారు. మందు పోసినందుకు ఫోర్‌మన్ నీ మీద అరిచే ఉంటాడు. నిన్ను నిజంగానే కుర్చీలో కూర్చోబెట్టారేమో. నీ మాట కాదని ఇదంతా చేశాను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను. క్షమించమని అడగను. ఇంకోసారి ఇంట్లోవాళ్ళ లెక్క రాసి కొట్టేసే ఓపిక నాకు లేదు.

బాగుచేశాక నీ బండి మళ్ళీ ఎప్పుడైనా మూలిగితే దాని నోరు మూయకు. ఎందుకు మూలుగుతోందో అడుగు. నాకు తిట్టు ఉత్తరమే రాయి, ఫరవాలేదు, రాయి చాలు. వీధి మలుపులో లారీ చప్పుడైతే పాప కంటే ముందు నేనే గుమ్మంలోకి వస్తున్నాను.

ఇట్లు,
నీ గుట్టు నిలుపలేని
అమ్మ

కోపం నా మీద చూపించు, కంచం మీద చూపించకు. కడుపు నిండా తిను.