నోరు తెరిచిన గర్జె

శుక్రవారం, మహూజ్

ఈరోజు, ఈ ఎడారి దేశంలో నేను పనిచేసే ఇంటి మేడం, వాళ్ళ ఫిన్లాండ్ పిండివంట నేర్పింది. రై అనే గోధుమలాంటి గింజల నల్లటి పిండితో పల్చగా రొట్టె ఒత్తి, మధ్యలో పాలల్లో ఉడికిన అన్నం పెట్టింది. అంత చలి దేశంలోనూ పాలల్లో అన్నం వండుకుంటారట!

నేను అలవాటు కొద్దీ మా గర్జెలా, అదే కజ్జికాయలా, మడిచి మూసేశాను. మేడం నవ్వి దాన్ని విప్పింది. నడుమ తెరిచే ఉంచి, అంచులకు మాత్రం కుచ్చులు పెట్టింది. మా వైపు నుంచే వచ్చిన డ్రైవర్ యూసుఫ్ భాయ్ తొంగిచూసి, "గర్జె నోరు తెరిచిందేంది అక్కా, ఆకలైతుందా దానికి?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. మేడం వేళ్ళనే చూస్తున్నాను. అచ్చం నా బిడ్డ లత నొక్కినట్టే, బొటనవేలితో నొక్కి చూపుడువేలితో మడవడం. ఎక్కడి ఫిన్లాండ్, ఎక్కడి మా ఊరు! మా ఇంట్లో గర్జెల అంచులు అదే కుట్టేది. అది చనిపోయాక నేను గర్జెలే చెయ్యలేదు. ఆ కుచ్చు దానితోనే పోయిందనుకున్నాను.

"మళ్ళా సూపియ్యి మేడం" అన్నాను. తెలుగులోనే అనేశాను. ఆమె మళ్ళీ చూపించింది. నాలుగోదానికి నా వేళ్ళకు వచ్చింది.

ఆ ఒక్కటి ఓవెన్‌లో పెట్టబుద్ధి కాలేదు. ఫ్రిజ్‌లో దాచాను. ఇందాక మళ్ళీ తీసి చూశాను, అచ్చం మా లత పెట్టిన కుచ్చులే...