వరండాలో బల్ల

మన పార్టీ నాయకులు తౌఫీక్ గారికి, ఆఫీసులో టీ కాచే ముసలివాడి సలాం.

ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. కరపత్రం గోడలకు అంటించాడని మా తమ్ముడు లజ్‌హర్‌ను జైల్లో పెట్టారు కదా. మొన్న కోర్టులో మన లాయరమ్మ జుహ్రా గారు, అది మన పార్టీది కాదని గట్టిగా వాదించారు. ప్రభుత్వ లాయరు మన ముద్ర ఉన్న చిత్తుప్రతి తీసి, "మీవాళ్లు మీకే చెప్పలేదా తల్లీ?" అని నవ్వాడు. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ కరపత్రం మీరు చెప్పి రాయించిన రోజు టీ పోసింది నేనే. కేసు మాట్లాడదామని ఆమె వచ్చినప్పుడు మాత్రం గంటసేపు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, నాతో "ఆవిడకివన్నీ ఎందుకయ్యా, వాదిస్తే చాలదూ!" అన్నారు.

గురువారం మళ్లీ వాయిదా. బుధవారం ఆమె వస్తారు. ఇప్పటికైనా ఉన్నదంతా చెప్పండి. తెలిస్తేనే కదా వాణ్ణి బయటికి తేగలరు.

వరండాలో బల్ల తీసేశాను. ఆమెకు మీ గదిలోనే కుర్చీ వేశాను. కోప్పడకండి.