లేడీస్ నడిపిన బండి

మంగళవారం, పెరంబూరు

పెదవి చిట్లి ఇంకా నెత్తురు ఊరుతోంది. పోయిన వారం ఆన్‌లైన్‌లో చూసి నా స్కూటర్ కొన్నవాడు ఇవాళ ఇంటికొచ్చి, గుమ్మంలోనే హెల్మెట్‌తో నా మూతి పగలగొట్టాడు. కొన్ననాడు నా తెలుగు విని, "మనోళ్లే కదన్నా, ఇంక చూసేదేముండాది" అని బ్రేకు కూడా నొక్కి చూడలేదు. ఇవాళ ఒక్క తెలుగు మాట లేదు, తిట్టినంతసేపూ అరవమే. వాళ్లావిడ తిరువొత్తియూరులో లారీని తప్పించబోయి కాలు విరగ్గొట్టుకుందట.

నేనూ వాడి గొంతు పట్టుకున్నాను. ఇంకొంచెం ఉంటే చంపేసేవాణ్ణేమో. మా ఆవిడ విడదీస్తూ, "బ్రేకు సంగతి ఆయనకు చెప్పినారా, లేదా?" అంది. నా చేతులు వాటంతటవే వదులయ్యాయి.

ప్రకటనలో "లేడీస్ నడిపిన బండి" అని రాశాను. బ్రేకు పట్టడం లేదని రెండు నెలలుగా మా ఆవిణ్ణి దాని మీద ఎక్కనివ్వనిది నేనే.