వేలి మీద తొంభై ఎనిమిది

ఏవండీ,

మీరు పోయి మూడేళ్ళయినా, ఇవాళ మీ మీద ఒళ్ళు మండిపోతోంది.

మొన్న మీ తమ్ముడు రవికి కుడిచెయ్యి కాసేపు చచ్చుబడి, మాట తడబడింది. అచ్చం మీకు వచ్చినట్టే. వేలికి ఆక్సిజన్ మిషన్ తగిలించుకుని, "తొంభై ఎనిమిదుంది వదినా, నాకేం కాలేదు" అన్నాడు. అచ్చం మీరన్నట్టే. ఆ మిషన్ని గోడకేసి కొట్టి, అతన్ని బెజవాడ లాక్కెళ్ళాను.

అక్కడ మెదడు ఆక్సిజన్ ఎంత వాడుకుంటుందో చూసే కొత్తరకం స్కాన్ తీశారు. మెడలో రక్తనాళం సన్నబడిందట. మెదడు ఎడమభాగం, వచ్చే కాస్త రక్తంలోంచే ఆక్సిజన్ పిండుకుంటోందట.

"వేలి మీద అంకె రక్తంలో ఎంతుందో చెబుతుందమ్మా. మెదడుకి చాలుతోందో లేదో చెప్పదు. టైముకి తీసుకొచ్చారు" అన్నాడు డాక్టరు.

ఈ ముక్క మీకొకరు చెప్పాలా? పైన నీళ్ళు చూసి మన చేపల చెరువు బాగుందన్నందుకు కాపలా మనిషిని ఎన్ని తిట్లు తిట్టారు! అడుగుదాకా మీటరు దించి ఆక్సిజన్ చూస్తేగాని మీకు కాఫీ దిగేది కాదు. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిస్తే పరిగెత్తిన మనిషి, తన చెయ్యి పడిపోతే వేలు చూసుకుని పడుకున్నారు. మళ్ళీ లేవలేదు.

ఇవాళ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చీ రాగానే రవి మీటరు పట్టుకుని చెరువుకి బయల్దేరాడు. చేతిలోంచి లాక్కుని, "ముందు డాక్టరిచ్చిన ఆ మాత్ర మింగు!" అని వీధంతా వినబడేలా అరిచాను. పాపం, గబుక్కున మింగాడు.

ఆ అరుపు మీకు పడాల్సిందండీ. అతనికి పడింది.