వాసన తెలియని ఇంట్లో కొత్త స్టవ్

జులై 14

సులోచన చివరి రోజు సంగతి ఒకసారి రాసి పెడుతున్నాను. మళ్లీ రాయను.

ఆదివారం. పొద్దున సులోచన స్టవ్ మీద పాలు పెట్టింది. నేను ముందు గదిలో పేపరు చూస్తున్నాను. ఏదో గిన్నె పడ్డ చప్పుడు. పిలిచాను, పలకలేదు. వెళ్లేసరికి నేల మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. తల ఒడిలో పెట్టుకుని అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నాను. పక్కింటి యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. నా మీదుగా వంగి స్టవ్ కట్టేసింది. కిటికీలన్నీ తెరిచింది. "లైటు ముట్టకు సారూ, ఇల్లంత గ్యాసే" అంది. పాలు పొంగి మంట ఆరిపోయిందట. గ్యాస్ వాసన వాళ్ల వాకిట్లోకి వచ్చిందట. స్టవ్ కింద కూర్చున్న నాకు తెలియలేదు.

దవాఖానలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. చౌటుప్పల్ దాటాక ఆమె చేయి చల్లబడింది. మెదడులో నరం చిట్లిందని, గ్యాస్‌కూ దానికీ సంబంధం లేదని డాక్టర్ చెప్పాడు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పాడు.

అంతే.

జులై 15

ఇంగువ డబ్బా. కర్పూరం. ఫినాయిల్. బండిలోంచి తీసిన పెట్రోలు, గుడ్డ మీద. ఏదీ తెలియడం లేదు.

జులై 16

కరోనా వచ్చినప్పుడు పోయింది వాసన. మెల్లగా వస్తుందన్నారు. రాలేదు. సులోచన ఉండగా అది పెద్ద విషయం అనిపించలేదు. పాలు విరిగినా, పప్పు అడుగంటినా ఆమె చెప్పేది. "మీకు నా ముక్కు కిరాయికిచ్చిన" అని నవ్వేది. ఈ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

ఇప్పుడు ఎవరికీ తెలియదు.

జులై 20

వంట మానేశాను. బస్టాండ్ దగ్గర మెస్‌లో భోజనం. సిలిండర్ కట్టేసే ఉంది. అయినా వంటింటి ముందు నుంచి పోయేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటున్నాను. ఎందుకో. పీల్చినా తెలిసేది లేదు కదా...

జులై 27

కొత్తకోట నుంచి వియ్యపురాలు రాజేశ్వరమ్మ ఫోన్. మా స్రవంతికి ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలన్నది ఆమెకూ తెలుసు. "కని, చూసుకునే తల్లి లేకపాయె. ఎట్ల తోలాలె అన్నా? మా తాననే ఉంచుకుంటం, నువ్వేం ఫికర్ జెయ్యకు" అంది. మంచి మాటే. మంచి మనిషే.

అంతలో స్రవంతి ఫోన్ లాక్కుంది.

"బాపూ, నేనొస్త. అమ్మ లేకుంటే అది నా తల్లిగారిల్లు కాకుండ పోతదా?"

రా బిడ్డా అన్నాను. ఇంకేమంటాను. పురుడు, తర్వాత మూడో నెల దాకా ఇక్కడే. ఆమె, పసిబిడ్డ, నేను. మూసిన వంటింటి తలుపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. 

చెబితే రాదు. వాళ్లు రానివ్వరు. చెప్పకుంటే...

ఆగస్టు 2

హైదరాబాద్ రోడ్డు మీది షోరూంకు వెళ్లాను. గ్రానైట్ బండలో దిగేసే స్టవ్‌లు వరసగా. ఇప్పుడొచ్చేవాటిలో మంట ఆరితే గ్యాస్ దానంతట అదే ఆగిపోతుందట. సేల్స్ అమ్మాయి వెలిగించి, మంట మీద నీళ్లు చిలకరించి చూపించింది. టక్ మని ఆగింది. మళ్లీ చూపించమన్నాను. మళ్లీ. ఆమెకు విసుగొచ్చింది కానీ చూపించింది.

తీసుకున్నాను. పాతది వాళ్లే ఊడదీసి, కొత్తది బిగించి పోతారు. అందుకు వేరే మనిషిని వెతుక్కోనక్కరలేదు. రసీదుతో పాటు ఒక నంబరు ఇచ్చింది. బిగించాక ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే వెంటనే దీనికి చేయమంది.

సరేనన్నాను.

ఆగస్టు 3

నిద్ర తక్కువ.

ఆగస్టు 5

షోరూం నుంచి మహేశ్ అనే టెక్నీషియన్ వచ్చాడు. పాత స్టవ్ అంచుల వెంట కోసి పైకి లేపాడు. కింద బండ మీద గోధుమరంగు పొర, ఎండి, పగుళ్లు తేలి. ఆ రోజు పొంగిన పాలు. అతను గీకడానికి ఇనప పట్టీ తీశాడు. ఆగమన్నాను. తడిగుడ్డతో నేనే తుడిచాను. తొందరగా పోలేదు. అతను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. 

కొత్తది కాస్త వెడల్పు. బండ కోయాల్సి వచ్చింది. కోత మిషన్ రొద. ఇల్లంతా తెల్లటి దుమ్ము. ఇద్దరం తుమ్ములే తుమ్ములు. బిగించి వెలిగించాడు — నీలం మంట, నిలకడగా. సిలిండర్ దగ్గర సబ్బు నురగ పెట్టి చూశాడు. బండ కింద, స్టవ్‌కు పైపు కలిసే చోటికి చేయి సరిగ్గా అందలేదు.

"దుమ్ముకు నా ముక్కు మొత్తం మూసుకపోయింది సార్. జర మీరు వంగి చూడుండ్రి, వాసనేమన్న వస్తుందా?"

వంగాను. గట్టిగా పీల్చాను. వాసన తెలిసిన మనిషి పీల్చినట్టే.

"లేదు."

"అయితే పనైపోయింది. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చి ఉంటది, చెప్పుండ్రి."

చెప్పాను. పాత స్టవ్ అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాకు వాసన తెలియదు, ఇంకెవరినైనా పిలుస్తానని అనవచ్చు. అతనెవరో, నేనెవరో. అయినా నోరు రాలేదు. ఒకసారి బయటికి అంటే కొత్తకోట దాకా పోతుందనిపించింది.

ఆగస్టు 6

పొద్దున కింద అలమర తెరిచి, నేల మీద వెల్లకిలా పడుకుని, వేలికొసతో సబ్బు నురగ ఆ కలిసే చోట అంటించాను. టార్చి వేసి చూశాను.

బుడగ. పెసరగింజంత. పెరిగింది. పగిలింది. మళ్లీ ఇంకొకటి.

అలా చూస్తూ ఉండిపోయాను. తర్వాత కాళ్లు కదిలాయి. సిలిండర్ కట్టేశాను. కిటికీలు తెరిచాను. స్విచ్చు ముట్టుకోలేదు. వాకిట్లోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. 

నిన్న రాత్రి స్టవ్ కట్టేశాను కానీ సిలిండర్ కట్టలేదు. పైపులో గ్యాస్ అలాగే ఉంది. నేను పక్క గదిలో పడుకున్నాను.

షోరూం ఇచ్చిన నంబరుకు ఫోన్. పని పూర్తయినట్టు నమోదైందని, నేనే ఓటీపీ ఇచ్చానని ఒక అమ్మాయి చెప్పింది. బుడగలు వస్తున్నాయన్నాను. వాసన వస్తోందా అంది. బుడగలు అన్నాను. వాసన సంగతి చెప్పండి సార్, ఇక్కడ అదే రాయాలి అంది. ఉంది అని రాసుకొమ్మన్నాను.

ఆగస్టు 9

మహేశ్ మళ్లీ వచ్చాడు. స్టవ్ మొత్తం పైకి లేపి చూశాడు. వాషర్ ఒక పక్క నలిగి ఉంది. అది వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"వాసన లేదన్నరు గద సార్ మీరు."

కిటికీలోంచి బయటికి చూశాను. అతను కొత్త వాషర్ వేశాడు. ఈసారి స్టవ్ దింపకముందే చుట్టూ నురగ పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. బుడగ లేదు. వెళ్లేటప్పుడు నెలకోసారి ఇట్లనే సబ్బు పెట్టి చూసుకొమ్మన్నాడు. నా ముఖం వంక చూడకుండా చెప్పాడు. కనిపెట్టాడా... తెలియదు.

ఆగస్టు 10

పొద్దున కొత్త స్టవ్ మీద ఆమ్లెట్ వేసుకున్నాక, చూద్దువు రమ్మని యాదమ్మను పిలిచాను. చూడడానికి కాదు. వచ్చింది, గుండీలు తిప్పింది, వంటింట్లో నిలబడి ముక్కు ఎగబీల్చింది. 

"నూనె వాసన కొడుతుంది సారూ. ఆమ్లెట్ ఏసిండ్రా? గింత నూనె పోస్తరా ఎవలన్న?"

నవ్వాను. చాలా రోజులకు. గ్యాస్ లేదు, నూనె ఉంది.

కానీ రోజూ పిలవలేను కదా.

ఆగస్టు 13

స్రవంతిని అల్లుడు నవీన్ దింపిపోయాడు. కారు నిండా రాజేశ్వరమ్మ కట్టిన మూటలు, సీసాలు. మందులు ఎప్పుడెప్పుడు వేయాలో నాతో రెండుసార్లు చెప్పించుకుని గానీ నవీన్ కదలలేదు.

స్రవంతి ముందు వంటింట్లోకే పోయింది. స్టవ్ అద్దం మీద వేలితో రాసింది.

"గింత మంచిది అమ్మున్నప్పుడెందుకు తేలేదు బాపూ?"

బ్యాగు లోపల పెట్టడానికి వెళ్లాను.

ఆగస్టు 15

ఆమె వంటింట్లో ఉంటే నేనూ అక్కడే. "పోలీసోనోలె గీడ నిలబడ్డవేంది, పోయి టీవీ చూస్కోరాదు" అంటుంది. ఉల్లిగడ్డలు తరుగుతానని కూర్చుంటున్నాను. ఈ ఇంట్లో ఇన్ని ఉల్లిగడ్డలు ఎప్పుడూ తినలేదు.

ఆగస్టు 18

పాలు పొంగాయి. మంట ఆరింది. టక్ మంది. ఆగింది.

స్రవంతి తుడుస్తోంది, పాట ఏదో. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. షోరూంలో చెప్పింది నిజమే. ఇది ఆగుతుంది. మంట ఆరితే ఆగుతుంది. మిగతావాటి సంగతి దానికి తెలియదు. పైపు, వాషర్, పక్కన పెట్టిన గుడ్డ...

ఆగస్టు 21

పైన రాసిన చివరి మాట ఈ రోజు జరిగింది.

స్రవంతి స్నానానికి పోతూ పప్పు చూడమంది. నేను స్టవ్‌కు వీపు పెట్టి, కిటికీ వెలుగులో పేపరు చదువుతున్నాను. మసిగుడ్డ కొస మంట అంచుకు తగిలి ఉంది. మెల్లగా రాజుకుంది. నేను చదువుతూనే ఉన్నాను. తడి తలతో, గోడ పట్టుకుని ఆమె పరుగెత్తుకొచ్చింది. ఎనిమిదో నెల పడ్డ కడుపుతో పరుగు. గుడ్డను పట్టకారుతో సింకులో పడేసి నల్లా విప్పింది. కడుపు మీద చేయి పెట్టుకుని నిలబడి ఆయాసపడింది.

"నాకు బాత్‌రూంలకొచ్చింది కమురు. గీడ కూసున్నోనివి, నీకు రాలేదా?"

జలుబు అన్నాను.

బిడ్డ కదులుతోందా అని అడిగాను. కదులుతోందంది. అప్పుడు కూర్చున్నాను.

ఆగస్టు 22

నా జలుబుకు ఆవిరి. ఆమే నీళ్లు మరిగించింది, నీలగిరి తైలం చుక్కలు వేసింది, నా తల మీద దుప్పటి కప్పింది. చీకట్లో వేడి, కళ్లలో మంట. వాసన లేదు. దుప్పటి బయటి నుంచి ఆమె గొంతు: "ఇప్పుడొస్తుందా బాపూ?"

"వస్తుంది."

"పెద్దోళ్లకు గూడ నేనే చెయ్యాలె" అంది. సంతోషంగా ఉంది ఆమెకు, ఒకరికి చేస్తున్నందుకు. తల్లి పోయాక ఆ గొంతులో ఆ నవ్వు వినలేదు. దుప్పటి కిందే ఉండిపోయాను, ఆమె తీసేదాకా.

ఆగస్టు 24

రాజేశ్వరమ్మ ఫోన్. ఎట్లున్నరని. బాగున్నామన్నాను. నా దగ్గర ఉంటే మనసు నిమ్మళంగా ఉందట స్రవంతికి, ఆ మాట విని ఆమెకూ నిమ్మళమైందట. ఫోన్ పెట్టేశాక సబ్బు నురగ కలుపుకుని అలమర కింద దూరాను. బుడగ లేదు. మళ్లీ పెట్టాను. లేదు.

నెలకోసారి అన్నాడు. రోజూ చూస్తున్నాను.

ఆగస్టు 26

స్రవంతికి నిజంగా జలుబు చేసింది. నిన్నటి వానకు. ముక్కు దిబ్బడ, కళ్లు ఎర్రగా. "నీదే నాకంటిచ్చినవ్" అని తిట్టింది. నా దగ్గర అంటించడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం సిలిండర్ అయిపోయింది. కొత్తది పెట్టాను. రెగ్యులేటర్ బిగించేటప్పుడు బుస్ మని చిన్న చప్పుడు. ఆగింది. ఆగిందనుకున్నాను. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నాకేం తెలుస్తలేదు బాపూ, ముక్కు పట్టేసింది. నువ్వే చూడు. వాసనొస్తుందా?"

ఆ మాట అంత తేలికగా అంది. నా మీద పెట్టేసి, దుప్పటి సర్దుకుంటూ, స్టవ్ గుండీ మీద చేయి వేసి నిలబడింది.

ఆగు అన్నాను. గట్టిగానే వచ్చినట్టుంది. ఉలిక్కిపడి చేయి తీసింది.

యాదమ్మ కోసం వెళ్లాను. తాళం. తిరుమలగిరి పోయిందట అక్క దగ్గరికి, ఎప్పుడొస్తుందో తెలియదట. తిరిగి వచ్చి సబ్బు నురగ పెట్టాను, బుడగ కనబడలేదు, అయినా నమ్మలేక రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్ వెనక వాకిట్లోకి దొర్లించాను. వాషర్ బాగాలేదేమో, రేపు మనిషిని పిలుస్తానన్నాను. మెస్ నుంచి భోజనం తెచ్చాను. ఆమె కొంచెమే తింది. నా వంక చూస్తోంది. "నీకేమైంది బాపూ?" అంది. ఏం లేదన్నాను. ఇంకోసారి అడగలేదు. అడిగితే చెప్పేవాడినేమో.

ఇప్పుడు పడుకుంది. నోటితో ఊపిరి తీస్తున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఈ ఇంట్లో ఈ రోజు గ్యాస్ వస్తే తెలిసేవాళ్లు ఒక్కరూ లేరు. ఆమె మాత్రం ఒకరున్నారనుకుంటోంది.

స్టవ్ మార్చాను. వాషర్ మార్పించాను. మార్చగలిగినవి అయిపోయాయి.

రేపు పొద్దున వేడినీళ్లకని ఆమె వంటింట్లోకి వస్తుంది. అప్పటికే నేను అక్కడ ఉంటాను. సిలిండర్ లోపలికి తేకముందే చెబుతాను — నాకు వాసన తెలియదు, చాలా కాలంగా తెలియదు, జలుబు కాదు అని. తర్వాత రాజేశ్వరమ్మకు కూడా నేనే ఫోన్ చేస్తాను. కొత్తకోటకు పోతానంటే బట్టలు సర్ది, నేనే దింపి వస్తాను. ఉంటానంటే...